ఉద్దేశం లేదు, అయినా ప్రాణం పోయింది
నిర్లక్ష్యం వలన కలిగే మరణాన్ని న్యాయశాస్త్రాలు ఎలా తూచాయి?

"నేను కావాలని చేయలేదు." న్యాయస్థానాలలో తరతరాలుగా వినబడుతున్న వాక్యం ఇది. అనేక సందర్భాలలో అది నిజం కూడా. గేటు వేయడం మరచిన కాపలాదారు ఎవరి చావునూ కోరుకోడు. మత్తుమందు ఇచ్చిన వైద్యుడు రోగి బ్రతకాలనే కోరుకుంటాడు. పదిహేనేళ్ళ కొడుకు చేతికి బండి తాళాలు ఇచ్చిన తండ్రి మనసులో ముద్దు తప్ప మరేమీ ఉండదు. అయినా ఒక ప్రాణం పోయింది. ఒక ఇల్లు చీకటైంది. ఆ ఇంటివారు అడిగే ప్రశ్నకు "కావాలని చేయలేదు" అన్నది పూర్తి సమాధానం కాజాలదు.

అలాగని, పొరపాటు చేసిన ప్రతి మనిషినీ హంతకుడని ముద్రవేయడం కూడా న్యాయం కాదు. ఈ రెండు అంచుల నడుమ న్యాయశాస్త్రం ఎక్కడ గీత గీసింది? ఏ నిర్లక్ష్యం నష్టపరిహారంతో తీరుతుంది? ఏది చెరసాల దాకా తీసుకువెళ్తుంది? ఈ విషయంలో ఆంగ్ల న్యాయవ్యవస్థ సుదీర్ఘమైన ఆలోచన చేసింది. మన దేశపు శిక్షాస్మృతి ఆ వ్యవస్థ నీడలోనే రూపుదిద్దుకున్నది. మన తెలుగు కుటుంబాల బిడ్డలు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్ళి స్థిరపడుతున్న బ్రిటన్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దేశాలలోనూ మూలసూత్రాలు అవే. కనుక ఈ విషయం న్యాయవాదులకు మాత్రమే పరిమితమైనది కాదు. వాహనం నడిపేవారికీ, ఇల్లు కట్టించేవారికీ, పిల్లలను పెంచేవారికీ కూడా ఇది తెలియవలసినదే.

హత్యకూ నరహత్యకూ మధ్య

ఇంగ్లాండులో శతాబ్దాలుగా న్యాయమూర్తుల తీర్పుల ద్వారా పెరిగిన చట్టాన్ని 'కామన్ లా' అంటారు. అక్కడ హత్య అనే నేరానికి చంపాలన్న ఉద్దేశమో, కనీసం తీవ్రంగా గాయపరచాలన్న ఉద్దేశమో రుజువు కావాలి. ఆ ఉద్దేశం లేకుండానే నేరపూరితంగా ప్రాణం తీసినట్లయితే దానిని 'మ్యాన్‌స్లాటర్' అంటారు. మన భాషలో నరహత్య అనవచ్చు.

ఉద్దేశం లేని నరహత్యలో రెండు ప్రధాన శాఖలు ఉన్నాయి. మొదటిది, చట్టవిరుద్ధమైన, ప్రమాదకరమైన పని ఏదైనా చేస్తుండగా ఒకరు మరణించడం. ఉదాహరణకు, జగడంలో ఒక్క గుద్దు గుద్దితే ఎదుటివాడు వెనుకకు పడి తలకు దెబ్బ తగిలి చనిపోవడం. కొట్టినవాడు చావును కోరలేదు, కాని కొట్టడమే నేరం. రెండవది ఘోర నిర్లక్ష్యం. ఇక్కడ చేస్తున్న పని చట్టబద్ధమైనదే. వైద్యం చేయడం, బండి నడపడం, గేటు కాయడం నేరాలు కావు. ఆ పనిని చేసిన తీరు నేరమవుతుంది. ఈ వ్యాసంలో మనం ప్రధానంగా చర్చించేది ఈ రెండవ శాఖనే.

బాధ్యత ఎక్కడ పుడుతుంది?

నిర్లక్ష్యం అనే మాటకు అర్థం రావాలంటే ముందుగా ఒక బాధ్యత ఉండాలి. బాటసారి గేటు వేయలేదని ఎవరూ నిందించరు. గేటు వేయడానికి జీతం తీసుకుంటున్నవాడిని మాత్రమే నిందిస్తారు.

1902లో ఇంగ్లాండులో విచారణకు వచ్చిన పిట్‌వుడ్ కేసు సరిగ్గా ఇదే. రైల్వే లెవెల్ క్రాసింగ్ వద్ద కాపలా ఉండవలసిన ఉద్యోగి గేటు తెరిచి ఉంచి భోజనానికి వెళ్ళిపోయాడు. ఆ దారిన వచ్చిన బండిని రైలు ఢీకొని ఒక మనిషి మరణించాడు. 'నా ఒప్పందం రైల్వే కంపెనీతో, ఆ బండివాడితో నాకు ఏ ఒప్పందమూ లేదు' అన్నది అతని తరపు వాదన. న్యాయస్థానం దానిని అంగీకరించలేదు. ఆ ఒప్పందం ఎవరి ప్రాణరక్షణ కోసం ఏర్పడిందో వారందరి పట్ల అతనికి బాధ్యత ఉన్నదని తేల్చింది. జీతమిచ్చేది యజమాని అయినా, జవాబు చెప్పుకోవలసింది దారిన పోయే ప్రతి ప్రాణికీ అన్నమాట.

బాధ్యత జీతం వలన మాత్రమే పుట్టదు. 1977 నాటి మరొక కేసు కుటుంబాలు గుర్తుంచుకోదగినది. ఒక వృద్ధుడూ, అతనితో కలిసి ఉంటున్న స్త్రీ ఆ వృద్ధుని సోదరికి తమ ఇంట ఆశ్రయమిచ్చారు. ఆమె క్రమంగా తిండి మానివేసి మంచం పట్టింది. ఆ ఇద్దరూ ఏదో కొంత ప్రయత్నం చేశారు, కాని సకాలంలో వైద్య సహాయం రప్పించలేదు. ఆమె దయనీయ స్థితిలో మరణించింది. ఆ ఇద్దరూ లోకజ్ఞానం తక్కువైనవారే. అయినప్పటికీ ఒక అశక్తురాలి సంరక్షణను నెత్తికెత్తుకున్న తరువాత దానిని మధ్యలో వదిలివేయడానికి వీలులేదని అప్పీలు కోర్టు భావించింది. నరహత్య శిక్ష నిలిచింది. ఈ తీర్పు మరీ కఠినమైనదని పలువురు న్యాయ పండితులు విమర్శించారు. ఆ విమర్శలో బలం ఉన్నది. కాని దాని సారాంశం మాత్రం స్పష్టం: ముసలి తల్లినో, జబ్బుపడిన బంధువునో ఇంట పెట్టుకోవడం పుణ్యకార్యం, దానితోపాటే అది ఒక అమానతు కూడా.

తాను చట్టాన్ని అతిక్రమిస్తూ ఉన్నవాడు సైతం ఈ బాధ్యత నుండి తప్పించుకోలేడు. 2000 జూన్‌లో ఇంగ్లాండులోని డోవర్ రేవులో ఒక లారీ తలుపులు తెరిచిన అధికారులకు 58 మంది చైనీయుల మృతదేహాలు కనిపించాయి. అక్రమంగా దేశంలోకి చేర్చడానికి 60 మందిని అందులో దాచారు. శబ్దం బయటకు రాకూడదని గాలి వచ్చే ఒకే ఒక మార్గాన్ని మూసివేశారు. ఇద్దరే బ్రతికి బయటపడ్డారు. ఆ ప్రయాణం చట్టవిరుద్ధమని తెలిసే వారు ఎక్కారు కనుక డ్రైవరుకు వారి పట్ల బాధ్యత లేదని వాదన వచ్చింది. న్యాయస్థానం తోసిపుచ్చింది. చట్టం దృష్టిలో ప్రాణం విలువ ప్రయాణ పత్రాల మీద ఆధారపడదు.

ఎంత నిర్లక్ష్యం 'ఘోరం'?

ఇదే అసలు చిక్కుముడి. మనుషులమన్న తరువాత మరపు, పరాకు తప్పవు. వాటన్నింటికీ శిక్ష వేస్తే వైద్యుడు కత్తి పట్టుకోవడానికీ, డ్రైవరు స్టీరింగు పట్టుకోవడానికీ జంకుతారు.

1925లో బేట్‌మన్ అనే వైద్యుని కేసులో ప్రధాన న్యాయమూర్తి లార్డ్ హీవార్ట్ ఒక కొలబద్దను సూచించారు. కాన్పు సమయంలో జరిగిన లోపం వలన తల్లి మరణించిందన్న అభియోగం అది. నిర్లక్ష్యం కేవలం ఇద్దరు వ్యక్తుల మధ్య పరిహారంతో తీరే స్థాయిని దాటి, ఇతరుల ప్రాణాల పట్ల ఎంతటి లెక్కలేనితనాన్ని చూపాలంటే అది సమాజం పట్లనే నేరంగా శిక్షకు తగినదై ఉండాలని ఆయన వివరించారు. ఆ వైద్యునికి పడిన శిక్ష రద్దయింది. పన్నెండేళ్ళ తరువాత, 1937లో, ఒక వాహన ప్రమాదం కేసులో లార్డ్ అట్కిన్ ఈ మాటనే బలపరిచారు. నష్టపరిహారానికి చాలే అజాగ్రత్త నేరానికి చాలదని, నేరానికి అత్యంత తీవ్రమైన నిర్లక్ష్యం కావాలని చెప్పారు.

నేటికీ ప్రామాణికంగా నిలిచినది 1994లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన అడొమాకో తీర్పు. కంటి శస్త్రచికిత్స జరుగుతుండగా రోగికి ప్రాణవాయువు అందించే గొట్టం యంత్రం నుండి ఊడిపోయింది. మత్తువైద్యుడు అక్కడే ఉన్నాడు. రోగి ఛాతీ కదలడం లేదు, యంత్రపు సూచికలు మారిపోయాయి. అయినా గొట్టం ఊడిన సంగతి ఆయనకు కొన్ని నిమిషాలపాటు తోచలేదు. రోగి గుండె ఆగి మరణించాడు. సమర్థుడైన ఏ మత్తువైద్యుడైనా కొన్ని సెకన్లలో గమనించవలసిన సంగతి అది అని నిపుణులు సాక్ష్యమిచ్చారు. ఆ తీర్పులో లార్డ్ మెకే నిర్దేశించిన మెట్లు సులభంగా అర్థమయ్యేవే. నిందితునికి మృతుని పట్ల జాగ్రత్త వహించవలసిన బాధ్యత ఉన్నదా? ఆ బాధ్యతను ఉల్లంఘించాడా? ఆ ఉల్లంఘన వలననే మరణం సంభవించిందా? అయితే ఆ ఉల్లంఘన నేరమనదగినంత ఘోరమైనదా? నాలుగింటికీ అవునని తేలితేనే నరహత్య. చివరి ప్రశ్నకు సమాధానం చెప్పవలసింది జ్యూరీ.

ఈ నాలుగవ మెట్టు గుండ్రంగా తిరుగుతున్నదని విమర్శకులు అంటారు. 'నేరమనదగినది అయితే నేరం' అంటే ఏం చెప్పినట్లు? ఆ విమర్శ సహేతుకమే. అందుకే తరువాతి న్యాయస్థానాలు మరింత స్పష్టత తెచ్చాయి. 2017లో ఒక కంటి పరీక్షకురాలి కేసు వచ్చింది. ఆమె ఒక బాలుని కంటి లోపలి భాగాన్ని సరిగా పరీక్షించలేదు. మెదడులో నీరు చేరుతున్న సూచన అక్కడ కనిపించి ఉండేది. కొన్ని నెలల తరువాత ఆ బిడ్డ మరణించాడు. కింది కోర్టు ఆమెను దోషిగా నిర్ణయించినా అప్పీలు కోర్టు ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది. తప్పు చేసిన ఆ క్షణంలో నిందితురాలికి తెలిసిన విషయాలను బట్టి చూస్తే ప్రాణాపాయం స్పష్టంగా, తీవ్రంగా కనిపించాలి. సరిగా పరీక్ష చేసి ఉంటే ఏం తెలిసేదో దానిని బట్టి నేరం మోపరాదు అన్నది ఆ తీర్పు సారం. ఆ బిడ్డ తల్లిదండ్రుల దుఃఖం ముందు ఈ తర్కం చల్లగా తోచవచ్చు. కాని జరిగిపోయిన తరువాత వెనుదిరిగి చూస్తే ప్రతి ప్రమాదమూ ముందే తెలియవలసినట్లు అనిపిస్తుంది. న్యాయమూర్తి ఆ భ్రమకు లోనుకాకూడదు.

ఘోర నిర్లక్ష్యం వలన కలిగే నరహత్యకు ఇంగ్లాండులో గరిష్ఠ శిక్ష యావజ్జీవం. 2018 నవంబరు నుండి అమలులో ఉన్న మార్గదర్శకాలు ఏడాది నుండి 18 ఏళ్ళ వరకు శిక్షా పరిధిని సూచిస్తున్నాయి. వాహన మరణాలకు అక్కడ ప్రత్యేక నేరాలు ఉన్నాయి. ప్రమాదకరంగా నడిపి ప్రాణం తీస్తే ఒకప్పుడు 14 ఏళ్ళుగా ఉన్న గరిష్ఠ శిక్ష 2022 నుండి యావజ్జీవమైంది.

పెద్దల తప్పు, చిన్నవారి తల

వ్యక్తి తప్పు చేస్తే వ్యక్తిని పట్టుకోవచ్చు. సంస్థ తప్పు చేస్తే ఎవరిని పట్టుకోవాలి?

1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్ రేవు నుండి బయలుదేరిన 'హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్' అనే ఓడ కొన్ని నిమిషాలకే ఒరిగిపోయింది. 193 మంది మరణించారు. కారణం ఎంత చిన్నదో చూడండి: ముందరి తలుపులు మూయకుండానే ఓడ కదిలింది. వాటిని మూయవలసిన ఉద్యోగి నిద్రపోతున్నాడు. తలుపులు మూశారో లేదో కెప్టెనుకు తెలిపే దీపం కూడా లేదు. అటువంటి దీపం అమర్చమని అంతకుముందే ఓడ సిబ్బంది అడిగినా పైవారు పట్టించుకోలేదు. కంపెనీ అంతటా అలసత్వం ఆవరించి ఉన్నదని విచారణ నివేదిక తేల్చింది. అయినా 1990లో కంపెనీపై నడిచిన నరహత్య కేసు వీగిపోయింది. కంపెనీకి బుద్ధి అనదగిన ఒక ఉన్నతాధికారి స్వయంగా దోషి అని రుజువైతే తప్ప కంపెనీని శిక్షించలేని నియమం నాడు ఉండేది. చిన్న చిన్న నిర్లక్ష్యాలన్నీ కలిసి పెద్ద ఘోరమైనా, ఏ ఒక్కరి నిర్లక్ష్యమూ చాలినంత లేదన్నమాట.

ఇటువంటి వైఫల్యాల ఫలితంగా బ్రిటిష్ పార్లమెంటు 2007లో కార్పొరేట్ నరహత్య చట్టం చేసింది. అది 2008 ఏప్రిల్ 6 నుండి అమలులోకి వచ్చింది. సంస్థ నడిపిన తీరులోనే ఘోర లోపం ఉంటే సంస్థనే దోషిగా నిలబెట్టి పరిమితి లేని జరిమానా విధించవచ్చు. కెనడాలోనూ ఇటువంటిదే జరిగింది. 1992 మే 9న నోవా స్కోషియాలోని వెస్ట్‌రే బొగ్గుగనిలో పేలుడు సంభవించి 26 మంది కార్మికులు మరణించారు. ఎవరికీ శిక్ష పడలేదు. ఆ కుటుంబాల, కార్మిక సంఘాల పోరాటం ఫలించి 2004లో కెనడా శిక్షాస్మృతి మారింది. ఇతరుల చేత పని చేయించే ప్రతి ఒక్కరూ ఆ పనివారి ప్రాణరక్షణకు తగిన చర్యలు తీసుకోవడం చట్టపరమైన బాధ్యత అయింది.

అమెరికాలో 1942 నవంబరు 28న బోస్టన్ నగరంలోని కోకోనట్ గ్రోవ్ అనే వినోదశాల తగలబడి 492 మంది మరణించారు. అత్యవసర ద్వారాలలో కొన్ని తాళం వేసి ఉన్నాయి. ఆ రాత్రి యజమాని ఆసుపత్రిలో ఉన్నాడు. మంట అతడు పెట్టలేదు, అక్కడ లేనేలేడు. అయినా అతడు నరహత్య నేరానికి దోషి అయ్యాడు. జనాన్ని తన ఆవరణలోకి పిలిచినవాడు వారు క్షేమంగా బయటపడే దారిని కూడా చూపాలి. ఆ ఏర్పాటు చేయకపోవడమే నేరమని మసాచుసెట్స్ ఉన్నత న్యాయస్థానం 1944లో నిర్ణయించింది. ఫంక్షన్ హాళ్ళు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు నడిపే మన సోదరులు ఈ తీర్పును ఒకసారి మననం చేసుకోవాలి. మెట్ల కింద సామాను పేర్చి, వెనుక తలుపుకు తాళం వేసి, 'ఏమీ కాదులే' అనుకునేవారికి ఆ 492 మంది సమాధానం.

మన దేశంలో ఈ చట్టం నడిచిన దారి

బ్రిటిషువారు రాకపూర్వం బెంగాలు మొదలైన ప్రాంతాలలో నేరవిచారణ ఇస్లామీయ ధర్మశాస్త్రం ప్రకారం సాగేది. ఈస్టిండియా కంపెనీ తొలి దశాబ్దాలలో కూడా నిజామత్ అదాలత్‌లలో మౌల్వీల ఫత్వాను అనుసరించి తీర్పులు వెలువడేవి. 1790లో కారన్‌వాలిస్ ఇందులో మార్పులు తెచ్చాడు. ఏ ఆయుధంతో చంపాడన్న దానికంటే ఏ ఉద్దేశంతో చంపాడన్నదే ప్రధానమని నిర్ణయించాడు. హనఫీ న్యాయశాస్త్రంలో ఇమామ్ అబూ హనీఫా ఆయుధ స్వభావానికి ప్రాధాన్యమివ్వగా, ఆయన శిష్యులైన అబూ యూసుఫ్, ముహమ్మద్ గార్ల అభిప్రాయం కొంత భిన్నంగా ఉండేది. కారన్‌వాలిస్ మార్పు ఆ శిష్యుల అభిప్రాయానికి దగ్గరైనది. దానితోపాటు హతుని వారసులకు ఉన్న క్షమాధికారాన్ని కూడా తొలగించారు.

1860లో భారత శిక్షాస్మృతి వచ్చింది. ఆశ్చర్యమేమంటే, నిర్లక్ష్యం వలన కలిగే మరణానికి అందులో ప్రత్యేకమైన సెక్షను లేదు. 1837 నాటి మెకాలే ముసాయిదాలో ఉన్నది కాని, చట్టమయ్యేనాటికి జారిపోయింది. 1870లో 304-ఎ సెక్షనుగా దానిని చేర్చారు. దుడుకుగా గాని, నిర్లక్ష్యంగా గాని చేసిన పని వలన మరణం సంభవిస్తే గరిష్ఠంగా రెండేళ్ళ జైలు. ఒక్కరు చనిపోయినా, వందలమంది చనిపోయినా అంతే. దీనికంటే పై మెట్టు 'హత్య కాని శిక్షార్హ నరహత్య'. దానికి 'ఈ పని వలన ప్రాణం పోవచ్చు' అన్న ఎరుక నిందితునికి ఉండాలి. నిర్లక్ష్యమా, ఎరుకా అన్న ప్రశ్న మీదనే మన దేశంలో పెద్ద పెద్ద కేసుల భవితవ్యం తేలింది.

భోపాల్‌ను తలచుకోండి. 1984 డిసెంబరు 2-3 తేదీల రాత్రి విషవాయువు వేలాదిమంది ప్రాణాలు తీసింది. కంపెనీ అధికారులపై మొదట ఎరుకతో కూడిన నరహత్య అభియోగం ఉండేది. 1996లో సుప్రీంకోర్టు దానిని 304-ఎ స్థాయికి తగ్గించింది. ఫలితంగా 2010 జూన్ 7న, ఘటన జరిగిన పాతికేళ్ళ తరువాత, దోషులకు పడినది రెండేళ్ళ శిక్ష. ఇంతటి విషాదానికి ఇంతేనా అని దేశమంతా నివ్వెరపోయింది. లోపం న్యాయమూర్తిది మాత్రమే కాదు, తూచడానికి ఆయన చేతికి ఇచ్చిన రాయి అంత చిన్నది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ వాయువు వెలువడి ఆర్.ఆర్. వెంకటాపురం వాసులు ప్రాణాలు కోల్పోయినప్పుడు, పోలీసులు నమోదు చేసిన సెక్షన్లలో ఎరుకతో కూడిన నరహత్య సెక్షను కూడా ఉండటానికి వెనుక భోపాల్ నేర్పిన పాఠం కనిపిస్తుంది.

వైద్యుల విషయంలో సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. 304-ఎ సెక్షనులో 'ఘోర' అన్న మాట లేకపోయినా, నేరంగా పరిగణించాలంటే నిర్లక్ష్యం ఆ స్థాయిలోనే ఉండాలని, మరొక వైద్య నిపుణుని నిష్పాక్షిక అభిప్రాయం లేకుండా వైద్యునిపై నేర విచారణకు పోరాదని చెప్పింది. రోగి మరణించిన ప్రతిసారీ ఆసుపత్రి అద్దాలు పగులగొట్టేవారు ఈ తీర్పు సారాన్ని గ్రహించాలి. చికిత్స విఫలం కావడం వేరు, వైద్యుడు నిర్లక్ష్యం చేయడం వేరు.

2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 304-ఎ స్థానాన్ని 106వ సెక్షను ఆక్రమించింది. గరిష్ఠ శిక్ష ఐదేళ్ళకు పెరిగింది. రిజిస్టరైన వైద్యులు వైద్యప్రక్రియలో చేసిన నిర్లక్ష్యానికి మాత్రం అది రెండేళ్ళు. ఇదే సెక్షనులోని రెండవ ఉపవిభాగం ప్రకారం, వాహనంతో ఢీకొట్టి మరణానికి కారకుడై, పోలీసుకు గాని మెజిస్ట్రేటుకు గాని తెలుపకుండా పారిపోయినవారికి పదేళ్ళ వరకు శిక్ష ఉన్నది. 2024 జనవరి తొలివారంలో దీనికి వ్యతిరేకంగా లారీ డ్రైవర్లు సమ్మె చేయడం, హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు బారులు తీరడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆగితే జనం కొట్టి చంపుతారన్నది డ్రైవర్ల భయం. పారిపోతే రోడ్డు మీద పడినవాడు రక్తం కారి చనిపోతాడన్నది చట్టం భయం. రెండూ నిజమే. కొత్త స్మృతి అమలు తేదీని ప్రకటించినప్పుడు ఈ ఉపవిభాగాన్ని మాత్రం ప్రభుత్వం పక్కన పెట్టింది. గుంపుగా చేరి డ్రైవరుపై చేయి చేసుకునేవారు మరొక క్షతగాత్రుని చావుకు దారి వేస్తున్నామని తెలుసుకోవాలి.

దారిలో తవ్విన బావి

ఆంగ్ల న్యాయమూర్తులు నిర్లక్ష్యపు కొలతల కోసం వెదకడానికి అనేక శతాబ్దాల ముందే మన ఫుఖహా ఈ విషయాన్ని విస్తారంగా చర్చించారు. హనఫీ గ్రంథాలలో ప్రాణహాని ఐదు రకాలుగా కనిపిస్తుంది: ఉద్దేశపూర్వకమైనది, ఉద్దేశాన్ని పోలినది, పొరపాటున జరిగినది, పొరపాటుతో సమానమైనది, పరోక్ష కారణం వలన జరిగినది. జంతువు అనుకొని బాణం వేస్తే మనిషికి తగలడం మూడవ రకం. నిద్రలో దొర్లి పక్కనున్న పసిబిడ్డ మీద పడి ఊపిరాడకుండా చేయడం నాలుగవది. ప్రజల దారిలో అనుమతి లేకుండా బావి తవ్వితే అందులో ఎవరో పడి మరణించడం ఐదవది. అదే బావి తన సొంత స్థలంలో తవ్వితే బాధ్యత లేదు. బాధ్యత ఎక్కడ పుడుతుందన్న ప్రశ్నకు పిట్‌వుడ్ గేటు ఇచ్చిన సమాధానానికీ దీనికీ ఎంత సామీప్యం ఉన్నదో చూడండి. వైద్యవిద్య రానివాడు వైద్యం చేసి హాని కలిగిస్తే అతడే బాధ్యుడని చెప్పే హదీసు కూడా ఉన్నది.

తేడా శిక్షాస్వరూపంలో ఉన్నది. సూరా అన్-నిసాలోని 92వ ఆయత్ ప్రకారం పొరపాటున ప్రాణం తీసినవారు మృతుని కుటుంబానికి రక్తపరిహారం చెల్లించాలి. వారు క్షమిస్తే తప్ప. దానికి తోడు కఫ్ఫారాగా బానిసను విడిపించాలి, అది సాధ్యం కానివారు ఎడతెగకుండా రెండు నెలలు ఉపవాసం ఉండాలి. మొదటిది బాధిత కుటుంబపు హక్కు, రెండవది అల్లాహ్ ముందు పశ్చాత్తాపం. ఆంగ్ల పద్ధతిలో నేరం ప్రభుత్వానికీ నిందితునికీ మధ్య వ్యవహారం. పరిహారం కావాలంటే బాధితులు వేరే దావా వేసుకోవాలి. నేడు మనపై అమలులో ఉన్నది దేశపు చట్టమే. దానికి లోబడటం మన విధి. కాని చట్టం అడగని ఒక ప్రశ్నను మన ధర్మం అడుగుతుంది: శిక్ష పడినా పడకపోయినా, పోయిన ప్రాణానికి నీ అంతరాత్మ ఏమి చెల్లించింది?

మన గడపలోనే

ఈ చర్చ ఇంటి గడప దాటి లోపలికి రావాలి. 2021 నవంబరు 30న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఒక పదిహేనేళ్ళ బాలుడు తన పాఠశాలలో నలుగురు విద్యార్థులను కాల్చి చంపాడు. కొన్ని రోజుల ముందే ఆ తుపాకిని తండ్రి కొనిపెట్టాడు. ఆనాటి ఉదయమే పాఠశాలవారు తల్లిదండ్రులను పిలిపించి బాలుని ఆందోళనకరమైన రాతలను చూపారు. వారు కొడుకును ఇంటికి తీసుకువెళ్ళలేదు. తుపాకి విషయం చెప్పలేదు. 2024లో ఆ తల్లీ తండ్రీ వేర్వేరు విచారణలలో నరహత్యకు దోషులుగా తేలారు. ఒక్కొక్కరికి 10 నుండి 15 ఏళ్ళ జైలు పడింది. తుపాకి పేల్చినది వారు కాదు. చూడవలసినదాన్ని చూడకపోవడమే వారి నేరం.

మన ఇళ్ళలో తుపాకులు లేవు. మోటారు సైకిళ్ళు ఉన్నాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 199-ఎ సెక్షను ప్రకారం మైనరు బిడ్డ వాహనం నడిపి నేరం చేస్తే సంరక్షకుడు లేదా వాహన యజమాని దోషి అవుతారు. మూడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా, ఏడాదిపాటు వాహనం రిజిస్ట్రేషను రద్దు. ఆ బిడ్డకు 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్సు రాదు. తనకు తెలియకుండా జరిగిందని, తగిన జాగ్రత్త తీసుకున్నానని నిరూపించుకోవలసిన భారం తల్లిదండ్రులదే. ఈద్ రోజున కొత్త బట్టలు తొడుక్కొని ముగ్గురేసి బండ్ల మీద దూసుకుపోయే పిల్లలను చూసి మురిసిపోయే పెద్దలు ఈ సెక్షనును చదవాలి.

అలాగే బోరుబావులు. నీరు పడలేదని వదిలేసిన గొట్టపు బావులలో పసిబిడ్డలు పడి చనిపోవడం తెలుగు నేలకు కొత్త కాదు. 2010లో సుప్రీంకోర్టు స్పష్టమైన ఆదేశాలిచ్చింది. తవ్వేటప్పుడు కంచె వేయాలి, నోటికి మూత బిగించాలి, పనికిరాని బావిని అడుగు నుండి నేలమట్టం వరకు పూడ్చివేయాలి. ఫుఖహా చెప్పిన దారిలోని బావి మన పొలంలో నేడు ఆరంగుళాల వెడల్పుతో నోరు తెరిచి ఉన్నది. దానికి మూత బిగించడానికి పట్టే ఖర్చు ఎంత?

ఇల్లు కట్టించే సోదరుడు సెంట్రింగు కూలీకి తాడు, హెల్మెటు ఇస్తున్నాడా? మదర్సా నిర్వాహకులు పిల్లలు నిద్రించే గదికి రెండవ దారి ఉంచారా? తెగిన కరెంటు తీగను రేపు చూద్దామని వదిలేశారా? కాళ్ళు లేవలేని తల్లికి మందులు వేళకు అందుతున్నాయా? ఇవి పెద్ద ప్రశ్నలు కావు. కాని పైన చెప్పుకున్న ప్రతి కేసూ ఇటువంటి చిన్న ప్రశ్నకు జవాబు దొరకని రోజునే మొదలైంది.

చట్టం పొరపాటుకూ ఘోరానికీ నడుమ గీత గీసింది. అది అవసరమే, లేకపోతే నిర్దోషులు బలవుతారు. అయితే ఆ గీతకు ఇవతల నిలబడి, 'నాది నేరమనేంత నిర్లక్ష్యం కాదు' అని ఊరడిల్లడం విశ్వాసి లక్షణం కాదు. న్యాయమూర్తి అడిగేది ప్రాణం పోయిన తరువాత. మనలను మనం అడగవలసినది అది పోకముందే.